నా ఫొటో కింద అన్నయ్య పేరు

ఏటా ఒక రోజు, ఉదయం పది గంటలకి, నేను నా ఫొటో ముందు తల వంచుకుని నిలబడేవాణ్ణి. రేవు ఆఫీసు హాల్లో, రెండో వరసలో నాలుగోది. నాతోపాటు ఇంకో వందమంది తలలు వంచేవారు. బయట ఏదో ఒక ఓడ పొడుగ్గా కూత వేసేది. రేవు అధికారి గొంతు సవరించుకుని, "సముద్రానికి ఎదురొడ్డిన వీరులు" అని మొదలుపెట్టేవాడు. ఆ వీరుల్లో ఒకణ్ణి నేను! తొట్టి నిండా నీళ్ళు చూస్తేనే కళ్ళు తిరిగే ఘటాన్ని. అవతలి ఒడ్డుకి పడవలో పావుగంట ప్రయాణం. ఆ పావుగంటలో నేను వాంతి చేసుకోని మూల ఆ పడవలో లేదు.

నేను దర్జీని. ఫొటో కింద రాసిన పేరు మా అన్నయ్యది. పైన పళ్ళన్నీ బయటపెట్టి ఇకిలిస్తున్న మొహం నాది. ఈ సంగతి ఇరవై రెండేళ్ళపాటు ఇద్దరికే తెలుసు. రెండో మనిషి మా వదిన.

ఇదెలా జరిగిందో చెప్పాలంటే ముందు అన్నయ్య గురించి చెప్పాలి. మా నాన్న కూడా దర్జీయే. ముందుగది దుకాణం, వెనకగది ఇల్లు. అన్నదమ్ములిద్దరం మిషను చప్పుడు వింటూ పెరిగాం. పెద్దవాడు కనుక దుకాణం అన్నయ్యకే రావాలి. కానీ వాడి వేళ్ళు కొయ్యముక్కల్లా ఉండేవి. వాడు కుట్టిన కాజాలో గుండీతోపాటు నా బొటనవేలు కూడా దూరేది. మా నాన్న ఒకరోజు ఆ చొక్కా ఎత్తి వెలుతురుకి పట్టి చూసి, "ఒరేయ్, ఇది చొక్కారా, చేపలవల కాదు" అన్నాడు. అన్నయ్యకి కోపం రాలేదు. హాయిగా నవ్వేసి, టేపు మెడలోంచి తీసి నా మెడలో వేసి, నడుచుకుంటూ రేవుకి పోయాడు. సాయంత్రానికల్లా ఒక సరుకు ఓడలో కళాసీగా చేరిపోయి వచ్చాడు. డెక్కు కడగడం, రంగు వేయడం, తాళ్ళు లాగడం, ఏ పని చెబితే ఆ పని. నా జీవితంలో నాకు దక్కిన ఒకే ఒక్క పదవి అలా అన్నయ్య పారేస్తే వచ్చింది.

మా నాన్నకి ఒక పట్టుదల ఉండేది. సొంతవాళ్ళయినా సరే, ఏ బట్ట కుట్టినా కొత్తగా కొలత తీసి, తేదీ వేసి, కొలతల పుస్తకంలో రాయాల్సిందే. "పోయినేడు కొలతతో ఈ ఏడు కుట్టేవాడు దర్జీ కాదు, సోమరిపోతు" అనేవాడు. నాన్న పోయాక కూడా నేను ఆ అలవాటు మానలేదు. కాబట్టి అన్నయ్య సెలవులో వచ్చిన ప్రతిసారీ అద్దం ముందు నిలబెట్టి టేపు పట్టేవాణ్ణి. ఓడెక్కేముందు ఛాతీ ముప్ఫై మూడు, మెడ పద్నాలుగు. మొదటిసారి తిరిగొచ్చేసరికి ఛాతీ ముప్ఫై ఆరు. అయిదోసారికి ముప్ఫై తొమ్మిది, మెడ పదహారున్నర. తాళ్ళు మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారిపోయింది. ఎడమ చెయ్యి కుడిదానికన్నా అర అంగుళం సాగింది.

"నిటారుగా నిలబడు అన్నయ్యా."

"నిటారుగానే ఉన్నాను. నీ టేపే వంకరేమో చూసుకో."

ఒకసారి ఓడమీద ఇనపకొక్కెం ఊగి మూతికి తగిలి ముందుపన్ను విరిగింది. అప్పటినుంచి నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. కెమెరా కనిపిస్తే మాయమయ్యేవాడు. పెళ్ళినాడు వదిన కళ్ళెర్రజేస్తే ఒక్క ఫొటోకి నిలబడ్డాడు. అదీ పెదాలు బిగించుకుని, కడుపునొప్పి వచ్చినవాడిలా. అన్నయ్య ఫొటో లోకంలో అదొక్కటే.

యుద్ధం మొదలైన రెండో ఏడు, పదిరోజుల సెలవు మీద వచ్చాడు. కంపెనీవాళ్ళు కొత్త యూనిఫారం ఇచ్చారు, అందరికీ ఒకటే సైజు. అన్నయ్య వంటికి సరిచేసి పెట్టమని నాకిచ్చాడు. వదినకి అప్పుడు ఎనిమిదో నెల. ఆమెని ఆసుపత్రిలో చూపించడానికి తీసుకెళ్ళాడు. నేను పని ముగించి, కుట్లు సరిగ్గా పడ్డాయో లేదో చూద్దామని ఒకసారి తొడుక్కున్నాను. అబద్ధం ఎందుకు, అద్దంలో ఎలా ఉంటానో చూసుకుందామని తొడుక్కున్నాను. టోపీ కూడా పెట్టుకున్నాను. ఆహా! ఏం ఠీవి, ఏం దర్జా! నాలుగు దుకాణాల అవతల ఫొటో స్టూడియో. వీధిలో ఇద్దరు ముగ్గురు సలాం కూడా కొట్టారు. నేను తలపంకించి, వాళ్ళ సలాములు స్వీకరించి, స్టూడియోలో తెరమీద గీసిన సముద్రం ముందు నిలబడి ఫొటో దిగాను. గీసిన సముద్రం కాబట్టి వాంతి రాలేదు.

ఫొటో చేతికొచ్చాక అన్నయ్య చూశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"ఒరేయ్, నాకన్నా నీకే నప్పింది. ఈసారికి నా బదులు నువ్వెళ్ళిరారా!"

"నేనెళ్తే ఓడ రేవు దాటకముందే డెక్కు కడగడానికి నిన్ను పిలుస్తారు" అన్నాను. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం.

వెళ్ళేముందు చొక్కా లోపల ఎడమవైపు ఒక జేబు పెట్టమన్నాడు. పెళ్ళిఫొటో పట్టేంత. "తడవకుండా చూడరా" అన్నాడు. రెండు పొరలు మైనపుగుడ్డ వేసి, సందు లేకుండా కుట్టాను. నేను కుట్టినవాటిలో అంత శ్రద్ధగా కుట్టింది ఇంకోటి లేదు. అన్నయ్య ఫొటో ఆ జేబులో పెట్టుకుని, సంచీ ఎడమ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు. నలభైరోజుల తర్వాత పట్టపగలు, ఎండలో, టార్పెడో తగిలి ఓడ మునిగింది. ముప్ఫై ఒక్కమంది. ఒక్కరూ దొరకలేదు. కబురు చెప్పడానికి కంపెనీ మనిషి సైకిలు మీద వచ్చినప్పుడు నేను ఎవరి కోటుకో గుండీలు కుడుతున్నాను. చివరి గుండీ కుట్టి దారం తెంపి, అప్పుడు లేచాను. ఎందుకలా చేశానో నాకిప్పటికీ తెలియదు.

రెండువారాలకి వదిన ఆడపిల్లని కన్నది. కిచకిచలాడుతూ పుట్టింది కాబట్టి పిచ్చుక అన్నాం. వదినా బిడ్డా ఆసుపత్రిలో, నేను వాళ్ళ దగ్గర. ఇంట్లో అమ్మ ఒక్కతే. రేవు ఆఫీసు మీద బాంబు పడి కాగితాలన్నీ కాలిపోయాయట, పోయినవాళ్ళ ఫొటోలకోసం ఇద్దరు గుమస్తాలు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. మా అమ్మకి రెండు కళ్ళకీ శుక్లాలు. రేకుపెట్టె తెరిచి, చేతికందిన ఫొటో కంటికి ఆనించుకుని చూసింది. టోపీ ఉంది, తెల్లకాలరు ఉంది. ఇంక పెద్దకొడుకు కాక ఎవరవుతారు? దర్జీకొడుకు ఓడటోపీ పెట్టుకుని ఊరేగుతాడని ఏ తల్లి అనుకుంటుంది!

హాల్లో ఫొటోల మీద గుడ్డ లాగినరోజు నేనూ అమ్మా ముందువరసలో ఉన్నాం. చూద్దును కదా, గోడమీద నేను. పైప్రాణాలు పైనే పోయాయి. పక్కనే ఉన్న పెద్దమనిషి నా భుజం తట్టి, "అచ్చు మీ అన్నగారి పోలికేనండీ మీది" అన్నాడు. "అవునండీ, అందరూ అంటారు" అన్నాను. అలాంటప్పుడు నా నోటికి ఇంత చురుకు ఎక్కణ్ణుంచి వస్తుందో!

మర్నాడు చెప్పేద్దామని ఆఫీసుకి వెళ్ళాను. బల్ల దగ్గర ముసలి గుమస్తా. మొదటి వరసలో మొదటి ఫొటో ఆయన కొడుకుది. ఆయన కళ్ళెత్తి, "చెప్పు నాయనా" అన్నాడు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? నీళ్ళు నమిలి, నమిలి, "రెండో వరసలో నాలుగో ఫ్రేము కొంచెం వంకరగా ఉందండీ" అని చెప్పి వచ్చేశాను. ఆయన పాపం స్టూలెక్కి సరిచేశాడట. ఆ వారమే గడ్డం పెంచడం మొదలుపెట్టాను. నాకు పెళ్ళికాకపోవడానికి ఆ గడ్డమే కారణమని వదిన అంటుంది. గడ్డం లేకపోయినా అయ్యేది కాదని నా అనుమానం.

ఆఫీసువాళ్ళు ఇంటికి కూడా ఒక పెద్ద ఫొటో పంపారు. పసిబిడ్డని భుజాన వేసుకుని వదిన దానివంక చాలాసేపు చూసింది. తర్వాత నావంక చూసింది.

"వదినా, నేను..."

"చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. ఆయనకైతే పట్టినట్టుండేది" అంది. "నా మొగుణ్ణి నేను గుర్తుపట్టననుకున్నావా?"

వెనకగదిలోంచి అమ్మ తడుముకుంటూ వచ్చి ఫ్రేమంతా నిమిరి, కంటికి ఆనించుకుని చూసి, "నవ్వుతున్నాడే నా తండ్రి. మూతిమీద చెయ్యి లేకుండా నవ్వుతున్నాడు" అని మురిసిపోయింది. అమ్మ ఉన్నంతకాలం ఇలాగే ఉండనిమ్మని వదిన తర్వాత నాతో చెప్పింది. అమ్మ పదకొండేళ్ళు ఉంది. రోజూ సాయంత్రం ఆ ఫొటోకి నామీద ఫిర్యాదులు చెప్పుకునేది. "నీ తమ్ముడున్నాడే, వట్టి చవట. మొన్న పాంటుకి రెండుకాళ్ళూ ఒకే పొడుగు రాలేదట. నువ్వుంటే వాడికి బుద్ధిచెప్పేవాడివి నాయనా" అనేది. నేను పక్కగదిలో మిషను తొక్కుతూ, నాముందే నన్ను తిట్టించుకుంటూ కూర్చునేవాణ్ణి. గోడమీద నేను మాత్రం నవ్వుతూ వినేవాణ్ణి.

అమ్మ పోయేసరికి పిచ్చుకకి పదకొండేళ్ళు. ఇంక చెబుదామంటే దానికి పరీక్షలు, తర్వాత జ్వరం, తర్వాత మళ్ళీ పరీక్షలు. అసలు మాకే ధైర్యం లేదు. అది బడికెళ్ళేముందు ఫొటోకి చెప్పి వెళ్ళేది. మార్కులు చెప్పేది. ఎవరితో తగువులాడిందో చెప్పేది. "నాన్న ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. నువ్వే బాబాయ్, ఎప్పుడూ మొహం మాడ్చుకునుంటావు" అనేది నాతో. ఫొటోలో చుబుకంమీద చిన్నగాటు ఉంటుంది. అది ఎలా పడిందని ఒకసారి అడిగింది. అయిదేళ్ళప్పుడు కత్తెరతో ఆడి నేను చేసుకున్న ఘనకార్యం అది. "ఓడలో కొక్కెం తగిలిందమ్మా" అన్నాను. అన్నయ్య గాయం కూడా నేనే వాడేసుకున్నాను.

పిచ్చుక పెద్దదై, ఓడల మరమ్మతు యార్డులో డ్రాయింగులు గీసే పనిలో చేరింది. పోయినేడు రేవువాళ్ళు ఒడ్డున రాతిగోడ కట్టించి, ముప్ఫై ఒక్కమంది రూపాలూ నడుందాకా చెక్కించాలనుకున్నారు. అది ఎగురుకుంటూ వెళ్ళి శిల్పిని దుకాణానికే తీసుకొచ్చింది. ఆయన పుచ్చకాయ కొనేవాడిలా నా తల అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఫొటోలో ముక్కుపక్క నీడ పడిందండీ. దవడ తెలియడంలేదు. సొంత తమ్ముడు కదా, ఆ గడ్డం తీసేసి రెండుపూటలు నాముందు కూర్చోండి. మీ అన్నగారు లేచొచ్చినట్టు చెక్కుతాను."

"ప్లీజ్ బాబాయ్" అంది పిచ్చుక. "నాన్నకోసం. గడ్డం మళ్ళీ పెరుగుతుందిగా."

ఆ క్షణంలో నాకు నవ్వూ రాలేదు, జోకూ తట్టలేదు. ఫొటో అంటే కాగితం, ఎప్పుడైనా తీసెయ్యొచ్చు. రాయి అలా కాదు. మా అన్నయ్య ఆనవాలు ఈ లోకంలో ఇంక మిగలదు. ఈ పిల్ల బతికినన్నాళ్ళూ వెళ్ళి నా రాతిచెంప నిమురుతుంది, నాన్నా అంటుంది. సముద్రం సగం తీసుకుపోతే మిగతా సగం నేను తీసుకున్నవాణ్ణవుతాను.

ఆ సాయంత్రం వదిన, "చెప్పాల్సింది నేను. నోరు రావడంలేదయ్యా" అంది. నాకూ రాదని తెలుసు. ఆదివారం మధ్యాహ్నం దుకాణం అద్దం ముందు కూర్చుని, ముందు కత్తెరతో, తర్వాత కత్తితో, గడ్డం తీసేశాను. లోపల్నుంచి ఎవరో ముసలాయన బయటికొచ్చాడు. గాటు మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది.

శిల్పికివ్వడానికి ఫొటో చేతిలో పట్టుకుని పిచ్చుక లోపలికొచ్చింది. "అబ్బ, ఎన్నాళ్ళకి" అని నవ్వబోయి ఆగిపోయింది. నా మొహం చూసింది. ఫొటో చూసింది. దగ్గరికొచ్చి వేలితో నా గాటు ముట్టుకుంది.

"ఇది..."

"కత్తెర" అన్నాను. "ఆ ఫొటోలో ఉన్నది నేనేనమ్మా. మీ నాన్న యూనిఫారం వేసుకుని షోకుకి దిగాను. మీ నానమ్మకి కళ్ళు కనపడక అదే ఇచ్చేసింది."

"అమ్మకి తెలుసా?"

"మొదటిరోజు నుంచీ."

"ఇన్నేళ్ళూ నేను మార్కులు చెప్పుకున్నది నీకా?" చేతిలో ఫొటో వంక మళ్ళీ చూసింది. "మరి నాన్న మొహం ఏది బాబాయ్?"

పెళ్ళిఫొటో ఒక్కటే ఉండేదనీ, అది నేను కుట్టిన జేబులో ఆయనతోపాటే పోయిందనీ చెప్పాను. అది ఫొటోని మిషనుమీద బోర్లా పెట్టి వెళ్ళిపోయింది. మూడురోజులు నాతో మాట్లాడలేదు. ఇంట్లో నన్ను తిట్టేవాళ్ళు కూడా లేకపోతే ఎంత బెంగగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

మూడోరోజు పాత కొలతల పుస్తకం దించాను. మొహం ఎలా ఉండేదో చెప్పమంటే నా చేతకాదు. కానీ మనిషి ఎంత ఉండేవాడో అంగుళంలో ఎనిమిదోవంతు తేడా లేకుండా నాదగ్గరుంది కదా! ఆఖరిదైన అయిదో సెలవు కొలతలు ముందు పెట్టుకుని, తెల్లటి మందపాటి గుడ్డ కత్తిరించాను. ఎడమ చెయ్యి అర అంగుళం ఎక్కువ. లోపల ఎడమవైపు మైనపుగుడ్డ జేబు. కాజాలు నెమ్మదిగా, చేత్తో కుట్టాను. దుకాణంలో బట్టలు తొడిగే కొయ్యబొమ్మకి ఛాతీ ముప్ఫై తొమ్మిది అయ్యేదాకా దూది చుట్టి, ఎడమభుజం చెక్కి కిందికి దించి, చొక్కా తొడిగి, అన్నయ్య ఎత్తు వచ్చేదాకా కింద చెక్కలు పేర్చాను. పిచ్చుకని పిలిచాను.

వచ్చింది. పుస్తకంలో తేదీలు ఒక్కొక్కటే చదివింది. పద్దెనిమిదేళ్ళ సన్నటి పిల్లాడు మెడా ఛాతీ నిండి మనిషవడం ఆ అంకెల్లో దానికి కనిపించినట్టుంది.

"ఎడమ చెయ్యి పెద్దదేంటి?"

"తాళ్ళు లాగీ లాగీ."

"నవ్వేవాడా?"

"తెగ నవ్వేవాడు. పన్ను విరిగింది, చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. నాలాగా ఇకిలించేవాడు కాదు."

అది చొక్కాకి ఎదురుగా, బాగా దగ్గరగా నిలబడింది. "నేను ఎక్కడిదాకా వస్తాను బాబాయ్?"

చూశాను. నుదురు మూడో గుండీకి సరిగ్గా వచ్చింది. "మూడో గుండీ దాకా" అన్నాను. అది నుదురు అక్కడ ఆనించి, రెండుచేతులూ దూది చుట్టూ వేసి అలాగే ఉండిపోయింది. నేను తలుపు బందులకి నూనె వేసే వంకతో వీధిలోకెళ్ళాను. నూనెడబ్బా తీసుకెళ్ళడం మర్చిపోయాను.

తర్వాత పని అంతా పిచ్చుకదే. టేపు నా మెడలోంచి తీసుకుని, కొయ్యబొమ్మని వెనకనుంచి కొలిచి, బట్టల నమూనాలు గీసే కాగితంమీద అసలు సైజులో గీసింది. ఆఫీసుకి వెళ్ళి, నేను ఇరవై రెండేళ్ళలో చెప్పలేనిది రెండునిమిషాల్లో చెప్పేసి, హాల్లో ఫొటో దింపించింది. శిల్పి మొదట ఒప్పుకోలేదు. ముప్ఫైమంది ఇటు చూస్తూ, ఒక్కడు మాత్రం వీపు చూపిస్తే బాగుండదన్నాడు. "మొహం తెలియదండీ. తెలియనిది చెక్కొద్దు, తెలిసింది చెక్కండి" అంది పిచ్చుక.

రాయి పూర్తికావస్తుండగా వదినని తీసుకెళ్ళాం. ఆమె నా పుస్తకం చూడలేదు, కాగితం చూడలేదు. ముప్ఫై మొహాలు దాటుకుంటూ వెళ్ళి ఆ వీపు ముందు నిలబడింది.

"ఆ రోజు వీధిమలుపు దాకా ఇదే చూస్తూ నిలబడ్డాను" అంది. "ఒక్కసారి వెనక్కి చూస్తాడేమో అని."

చెయ్యెత్తి రాతిమీద పెట్టింది. "ఎడమ భుజం ఇంకొంచెం దిగాలి నాయనా" అంది శిల్పితో.

నేను ఊరుకుంటానా? అంతా లెక్కప్రకారమే ఉందని చూపిద్దామని జేబులోంచి టేపు తీసి కొలిచాను. పావు అంగుళం ఎత్తుగా ఉంది. టేపు చుట్టి జేబులో పెట్టుకుని పక్కకి తప్పుకున్నాను. శిల్పి ఉలి అందుకున్నాడు. వదిన చెయ్యి తీయకుండా అక్కడే నిలబడి, "ఇంకొంచెం" అంటూ, "ఇంకొంచెం" అంటూ, చివరికి "ఆఁ, చాలు. ఈయనే" అంది.